రెండు వేళ్లు తీసుకున్న రంపం మిషన్‌ను మామయ్య దగ్గర కొనవచ్చా?

గోదావరి తీరంలోని ఒక చిన్న పట్టణం నుంచి 34 ఏళ్ల వడ్రంగి ఒకరు, పేరు వేయవద్దని కోరుతూ రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆయన పన్నెండేళ్లు హైదరాబాదులో ఇంటీరియర్ కాంట్రాక్టర్ల దగ్గర పనిచేశారు. తండ్రికి పక్షవాతం రావడంతో సొంత ఊరికి తిరిగి వచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని ద్వారబంధాలు, కిటికీలు, మంచాలు చేస్తున్నారు. ప్రతి కోతకూ కలపను ఆటోలో వేసుకుని సా మిల్లుకు వెళ్లి, వంతు వచ్చేదాకా కాచుకుని రావడంతో సగం రోజు అక్కడే గడిచిపోతున్నది. ఇంతలో ఆయన మేనమామ, పిల్లనిచ్చిన మామగారు కూడా ఆయనే, తన షెడ్డు మూసివేస్తూ, పదహారేళ్ల నాటి టేబుల్ రంపం మిషన్‌ను 45,000 రూపాయలకు ఇస్తానన్నారు. మామగారికి మోకాలి ఆపరేషన్ ఉంది; ఆ డబ్బు దానికే.

మిషన్‌కు బీడు (పోత ఇనుము) బల్ల, 12 అంగుళాల బ్లేడు, బెల్టుతో నడిచే 3 హెచ్‌పి త్రీఫేజ్ మోటారు ఉన్నాయి. మోటారు రెండుసార్లు కాలిపోతే రీవైండింగ్ (లోపలి తీగచుట్టను మళ్లీ చుట్టడం) చేయించారు. బ్లేడు మీద ఉండవలసిన గార్డు ఎప్పుడో పోయింది. అమ్మకానికి పెట్టే ముందు ఆకుపచ్చ రంగు కొత్తగా వేయించారు. పదకొండేళ్ల కిందట ఇదే మిషన్ మీద మామగారి ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తెగిపోయాయి. ఆ పూట మంచినీళ్ల చెంబుతో షెడ్డులోకి వెళ్లిన పదహారేళ్ల కూతురే నేడు ఈ పాఠకుని భార్య. ఆ మిషన్ మన పెరట్లోకి రావడానికి వీల్లేదని, కొనక తప్పదంటే వేలు తగలగానే ఆగిపోయే మిషన్ ఒకటి వీడియోలో చూశాను, అదే కొనమని ఆమె పట్టుబడుతున్నారు. అత్తగారేమో, అల్లుడు కాబట్టి తక్కువకు ఇస్తున్నామని అంటున్నారు. కొనాలా మానాలా, మామయ్యను నొప్పించకుండా ఎలా పరీక్షించాలి, కొంటే ఎలా చూసుకోవాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు, మీరు మూడు లెక్కలను ఒకే చీటీ మీద వేసుకున్నారని నాకు అనిపించింది. మిషన్ విలువ ఒక లెక్క, మామయ్య ఆపరేషన్ ఖర్చు ఇంకొక లెక్క, మీ భార్య భయం మూడోది. మూడూ కలిసి ఉన్నంతకాలం ఏ ధర చెప్పినా అది ఎవరో ఒకరికి అన్యాయంగానే కనిపిస్తుంది: తగ్గించమంటే పెద్దాయన వైద్యానికి అడ్డుపడినట్టు, తగ్గించకుండా కొంటే ఆలి మాట కాదన్నట్టు. అందుకని వీటిని విడదీసి మాట్లాడతాను. మీ భార్య భయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిషన్ గురించి మీకు దొరికే అన్నిటికన్నా నమ్మకమైన సమాచారం అందులోనే ఉంది.

ఆ రోజు వేళ్లు సరిగ్గా ఎలా పోయాయో మీ ఉత్తరంలో లేదు. బహుశా మీరు ఎన్నడూ అడగలేదు. ఇళ్లలో ఇలాంటివి అడగరు. ఇప్పుడు అడగండి. మామయ్య ఒక్కరే ఉన్నప్పుడు, పక్కన కూర్చుని, అల్లుడిగా కాక పనివాడిగా అడగండి. ఆయన చెప్పే జవాబు ఈ నాలుగు విధాలలో ఏదో ఒకటి కావచ్చు. పలక నిలువునా కోస్తుండగా చెక్క బ్లేడును పట్టేసి వెనక్కి ఎగిరి, చేతిని లోపలికి లాగి ఉండవచ్చు. సన్నటి బద్ద కోస్తూ చివరి జానెడు దూరం వేళ్లతోనే తోసి ఉండవచ్చు. స్విచ్చి ఆపాక బ్లేడు ఇంకా తిరుగుతుండగానే ముక్కను చేత్తో తీసి ఉండవచ్చు. లేదా కరెంటు పోయినప్పుడు స్విచ్చి అలాగే వదిలేసి బల్ల మీద చేయి పెట్టి ఉండగా, కరెంటు తిరిగి వచ్చి మిషన్ తనంతట తాను నడిచి ఉండవచ్చు. మొదటిదానికి బ్లేడు వెనక చీలిక కత్తి (కోసిన సందు మూసుకోకుండా పట్టి ఉంచే ఉక్కు రేకు) లేకపోవడం కారణం, రెండోదానికి తోపుడు కర్ర లేకపోవడం, మూడోదానికి అలవాటు, నాలుగోదానికి సరైన స్టార్టర్ (మోటారును నడిపి ఆపే స్విచ్చి పెట్టె) లేకపోవడం. పదకొండేళ్ల కిందటి ఆ లోపం ఇప్పటికీ మిషన్‌లో అలాగే ఉన్నదా లేదా అన్నదే మీరు తేల్చుకోవలసినది. గార్డు లేదని మీరే రాశారు కాబట్టి, ఆ లోపం ఉన్నదనే నేను అనుకుంటున్నాను.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. మీ మామయ్య మోటారు నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్నదైతే నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరుగుతుంది. మోటారు పుల్లీ 6 అంగుళాలు, షాఫ్టు (బ్లేడును తిప్పే ఇరుసు) పుల్లీ 3 అంగుళాలు అయితే బ్లేడు 2880 చుట్లు తిరుగుతుంది. 12 అంగుళాల బ్లేడు అంచు అప్పుడు సెకనుకు దాదాపు 46 మీటర్లు, అంటే గంటకు 165 కిలోమీటర్ల వేగంతో పోతుంది. బ్లేడు ముందు భాగంలో పళ్లు కిందికి దిగుతాయి, చెక్కను బల్లకు అదుముతాయి. వెనక భాగంలో పైకి లేస్తాయి. లోపల బిగువు ఉన్న టేకు పలక గానీ, పచ్చిగా ఉన్న వేప గానీ కోత పడ్డాక రెండు అంచులూ దగ్గరకు మూసుకుని ఆ వెనక పళ్లను పట్టుకుంటే, చెక్క విపరీతమైన వేగంతో మీ పొట్ట మీదికి వస్తుంది. ఈ మిషన్ చేతిని ఏం చేయగలదో మీ భార్య కళ్లారా చూశారు. ఆమె భయాన్ని "ఆడవాళ్ల బెంగ" అని తీసిపారేయకండి.

ఆమె చూసిన వీడియో గురించి కూడా చెప్పాలి. అటువంటి మిషన్ ఉన్నమాట నిజమే. అమెరికాలో స్టీఫెన్ గాస్ అనే ఆయన 1999లో కనిపెట్టిన విధానం అది. బ్లేడులో స్వల్పమైన విద్యుత్ సంకేతం ఉంటుంది, శరీరం తగలగానే ఆ సంకేతం మారుతుంది, వెంటనే స్ప్రింగు అల్యూమినియం దిమ్మను పళ్లలోకి నెట్టడంతో బ్లేడు 5 మిల్లీసెకన్లలో ఆగిపోతుంది. ఆగిన ప్రతిసారీ ఆ దిమ్మ ఉన్న పెట్టెను మార్చాలి, బ్లేడు కూడా సాధారణంగా పనికిరాకుండా పోతుంది, బాగా తడి కలప తగిలినా అది పనిచేసే అవకాశం ఉంది. మీ ఆదాయానికి అది అందేది కాదు. అయినా ఆమె అడిగినది మిషన్ పేరు కాదు, మీ వేళ్లకు పూచీ. ఆ పూచీలో చాలా భాగం తక్కువ ఖర్చులో ఈ పాత మిషన్‌కే అమర్చవచ్చు, షాఫ్టు, బల్ల, మోటారు బాగుంటే.

అవి బాగున్నాయో లేదో ఎలా చూడాలన్నది మీ రెండో ప్రశ్న. అల్లుడు మిషన్ విప్పి చూస్తే మామయ్య చిన్నబుచ్చుకుంటారని మీ బెంగ. మీ ఇద్దరికీ గౌరవం ఉన్న ఒక మేస్త్రిని గానీ, ఊళ్లో మోటార్లు చుట్టే మెకానిక్‌ను గానీ తీసుకువెళ్లండి. "షెడ్డులో బిగించేది ఈయనే, ముందే ఒకసారి చూసుకుంటారు" అని చెప్పండి. అందులో అబద్ధమేమీ లేదు. అతనికి కూలి మీరే ఇవ్వండి. ధర గురించి అక్కడ మాట వద్దు.

అక్కడ మొట్టమొదట కరెంటు పూర్తిగా తీసేయించి, బెల్టు విప్పించండి. బ్లేడు తీసి, షాఫ్టును రెండు చేతులతో పట్టుకుని పైకి కిందికి, ముందుకు వెనక్కి కదపండి. ఏ మాత్రం ఆట (వదులు) ఉన్నా బేరింగులు పోయినట్టే. తర్వాత షాఫ్టును చేత్తో తిప్పుతూ, చెవి దాని దగ్గరగా పెట్టి వినండి. ఇసుక నలిగినట్టు గరగర వినిపించకూడదు. బేరింగులు పోవడం పెద్ద జబ్బు కాదు. వాటి మీద 6205 అని ఉంటే లోపలి రంధ్రం 25 మి.మీ., 6206 అని ఉంటే 30 మి.మీ.; చివరి రెండంకెలను ఐదుతో హెచ్చిస్తే వచ్చేదే కొలత. రెండువైపులా రబ్బరు సీలున్నవి తెచ్చి వేస్తే పొట్టు లోపలికి పోదు. బేరింగు కూర్చునే చోట షాఫ్టే అరిగిపోయి ఉంటే మాత్రం అది లేతు పని, ఖర్చు ఎక్కువ, నమ్మకం తక్కువ.

కొత్త రంగు విషయంలో నేను కొంచెం అనుమానపు మనిషిని. ఒకప్పుడు ఇలాగే నిగనిగలాడే మిషన్ ఒకటి కొని, నెల తిరగకుండానే రంగు కింద వెల్డింగ్ పెట్టిన పగులు బయటపడి, దాన్ని తూకానికి అమ్ముకున్నాను. బీడు పగిలితే వెల్డింగ్ సరిగా నిలవదు. కాబట్టి టార్చిలైటు వేసి బల్ల అడుగుభాగం, బోల్టులు బిగించిన మూలలు, షాఫ్టు దిమ్మలు కూర్చున్న చోటు చూడండి. చిన్న సుత్తితో మెల్లగా తట్టితే గట్టి బీడు ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. మీ మామయ్య మోసగాడని నా ఉద్దేశం కాదు. మన ఊళ్లలో పెళ్లికి ఇంటికి సున్నం వేసినట్టే అమ్మకానికి మిషన్‌కు రంగు వేస్తారు. తర్వాత ఉక్కు స్కేలును బల్ల మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు నిలబెట్టి, దాని కింద వెలుగు కనిపిస్తుందేమో చూడండి.

మోటారు రెండుసార్లు కాలిందన్న మాట నన్ను ఆపింది. మోటారు ఊరికే కాలదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయి రెండింటి మీద నడిచిందా, మొద్దుబారిన బ్లేడుతో బలవంతంగా తోశారా, స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే (లోడు మించితే మోటారును ఆపే పరికరం) లేదా అని అడగండి. మెకానిక్ చేత మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించి, చుట్టకూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ కనీసం ఒక మెగోమ్ ఉన్నదని చూపించుకోండి. ఆ తర్వాత బ్లేడు, బెల్టు మళ్లీ వేసి అరగంట నడిపించండి. బాడీ వేడెక్కడం సహజమే కానీ, వార్నిష్ మాడిన వాసన రాకూడదు. మిషన్ నిలకడగా తిరుగుతున్నప్పుడు బల్ల మీద, బ్లేడుకు దూరంగా, ఒక రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టి చూడండి. నిలబడితే పుల్లీలు, షాఫ్టు, బ్లేడు సమంగా ఉన్నట్టు. మామయ్య కూడా ఈ పరీక్షను వేడుకగా చూస్తారు.

ఇన్ని చూశాక మీ ముందు ఉండేవి మూడు దారులు. షాఫ్టు అరిగినా, బల్ల పగిలినా ఏ ధరకూ కొనవద్దు; ఆ మాట మేస్త్రి నోటితోనే చెప్పించండి. ఆ రెండూ బాగుండి, బేరింగులు, బెల్టు, స్టార్టర్, గార్డు మాత్రమే కావలసి వస్తే, వాటికయ్యే ఖర్చును ఒక కాగితం మీద రాయించి, ఆ మొత్తం ధరలోంచి తీసి మాట్లాడవచ్చు. అప్పుడు మీరు బేరమాడినట్టు ఉండదు, కాగితం మాట్లాడుతుంది. మిషన్‌కు ఇంతే వస్తుందని తేలి, మామయ్యకు ఇంకా డబ్బు అవసరమైతే, అది ఆపరేషన్‌కు మీ సాయంగా వేరే చేత్తో ఇవ్వండి, అప్పో బహుమానమో మీ ఇష్టం. మిషన్ ధరలో కలిపి ఇస్తే, రేపు మోటారు కాలిన రోజు ఆ డబ్బు మీ దంపతుల మధ్యకు వస్తుంది.

మూడో దారి కొత్తది కొనడం. 10 అంగుళాల బ్లేడుతో సింగిల్ ఫేజ్ మీద నడిచే చిన్న మిషన్లకు చీలిక కత్తి, గార్డు కంపెనీ నుంచే వస్తాయి. ప్లైవుడ్‌కూ సన్నటి బద్దలకూ అవి చాలు. కానీ వాటి బ్రష్ మోటారు రోజంతా మూడంగుళాల టేకు ద్వారబంధాలు కోయడానికి చేసింది కాదు. మీ పనిలో దర్వాజాలు ఎన్ని, ప్లైవుడ్ ఎంత అని గత ఆరు నెలల లెక్క తీయండి. డబ్బు విషయంలో, 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం గుర్తించిన 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల వరకు వోచరు, 5 శాతం వడ్డీకి హామీ లేకుండా మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల రుణం అందులో ఉన్నాయి. గడచిన ఐదేళ్లలో ముద్ర వంటి రుణం తీసుకుని ఇంకా తీర్చకుండా ఉంటే అర్హత రాదు, కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. దగ్గరలోని కామన్ సర్వీస్ సెంటర్‌లో (సి.ఎస్.సి.) అడిగి చూడండి. అది దొరికితే, మామయ్య మిషన్ కొనకపోయినా ఆయన ఆపరేషన్‌కు సాయపడే స్థితిలో మీరు ఉంటారు.

ఈలోగా సా మిల్లుకు తిరగడం మానుకోలేకపోతే, వారానికి కావలసిన కోతలన్నీ రాసుకుని ఒకేసారి కోయించండి. అది కూడా ఒక దారే, తక్కువ చేసి చూడకండి.

కొనడానికే నిర్ణయించుకుంటే, షెడ్డులోకి రాకముందే రెండు ఆఫీసులకు వెళ్లండి. ఇంటి మీటరు మీద 3 హెచ్‌పి మోటారు నడపకూడదు, మీకు త్రీఫేజ్ కనెక్షన్ వేరుగా కావాలి; ఎంత లోడు, ఏ కేటగిరీ అన్నది విద్యుత్ సెక్షన్ ఆఫీసులో చెబుతారు. కలప కోసే మిషన్ల మీద అటవీశాఖ నిబంధనలు ఉన్నాయి. దుంగలు కోయనని, టింబర్ డిపోలో బిల్లుతో కొన్న కోసిన కలపనే వాడతానని చెప్పి, ఈ సైజు బ్లేడుకు అనుమతి కావాలా అని రేంజి కార్యాలయంలో ముందే అడగండి.

కనెక్షన్ ఇచ్చిన రోజు బ్లేడు వేయకుండా స్విచ్చి నొక్కి, షాఫ్టు ఎటు తిరుగుతున్నదో చూడండి. త్రీఫేజ్‌లో రెండు తీగలు తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది. బ్లేడుతో అలా తిరిగితే నట్టు ఊడిపోయే ప్రమాదం ఉంది. మీరు ముందు నిలబడితే పై పళ్లు మీ వైపుకు రావాలి. నో-వోల్ట్ కాయిల్, ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టర్ పెట్టించండి. కరెంటు పోయి వస్తే, పచ్చ బటన్ మళ్లీ నొక్కేదాకా అది కదలదు. ఎర్తింగ్ సరిగ్గా వేయించండి. ఎర్ర బటన్ మీ మోకాలికి అందేటట్టు ఉంటే, రెండు చేతులూ చెక్క మీదే ఉంచి మిషన్ ఆపవచ్చు.

చీలిక కత్తిని ఏ వర్క్‌షాపులోనైనా ఉక్కు రేకుతో చేయించవచ్చు. బ్లేడు రేకు మందం 2.2 మి.మీ., కోత వెడల్పు 3.2 మి.మీ. అనుకోండి, కత్తి ఆ రెండింటికీ మధ్యగా 2.5 మి.మీ. ఉండాలి. రేకు కన్నా పలుచగా ఉంటే పని చేయదు, కోత కన్నా మందంగా ఉంటే చెక్క ఇరుక్కుంటుంది. బ్లేడు వంపును అనుసరిస్తూ, పళ్లకు 3 నుంచి 8 మి.మీ. దూరంలో, ఊగకుండా బిగించాలి. బల్ల పైకీ కిందికీ జరిగే మిషన్ అయితే దాన్ని కింది ఫ్రేముకు బిగించాలి, షాఫ్టే జరిగే మిషన్ అయితే షాఫ్టుతో పాటు కదిలే భాగానికి బిగించాలి. ఇది లేకుండా నిలువుకోత ఒక్కటి కూడా కోయవద్దు. ఇంత గట్టిగా చెప్పేది ఈ ఉత్తరంలో ఇదొక్కటే.

గైడు (చెక్కను ఆనించి తోసే పట్టీ) బ్లేడుకు సమాంతరంగా ఉండాలి. ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టి, ముందువైపు ఆ పంటికీ గైడుకూ మధ్య దూరం కొలిచి, అదే పంటిని చేత్తో వెనక్కి తిప్పి మళ్లీ కొలవండి. రెండు కొలతలూ ఒకటిగా ఉండాలి. వెనక తక్కువైతే చెక్క అక్కడ ఇరుక్కుంటుంది. బ్లేడు పళ్లు చెక్క మీదికి కొద్దిగా మాత్రమే కనిపించేటట్టు ఎత్తు పెట్టండి. చేతికి గ్లౌజులు వద్దు, మెడలో తువ్వాలు వద్దు. తోపుడు కర్రను బల్లకే మేకు కొట్టి వేలాడదీయండి, వెతుక్కోవలసి వస్తే ఎవరూ వాడరు.

నిర్వహణ పెద్ద విద్య కాదు, రోజూ చేయడమే కష్టం. సాయంత్రం మోటారు చుట్టూ, బల్ల కింద పొట్టు తీసేయండి. పొట్టు మోటారు గాలిదారిని మూసేస్తే అది వేడెక్కుతుంది, నిప్పు అంటుకున్నా వింతలేదు. దుమ్ము ముక్కుకు కూడా మంచిది కాదు. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మాస్కు కట్టుకోండి. మీ వైపు గాలిలో తడి ఎక్కువ, బీడు బల్లకు రెండు రోజుల్లో తుప్పు మచ్చలు వస్తాయి. సన్న ఎమరీ కాగితంతో కిరోసిన్ వేసి రుద్ది, తుడిచి, పైన మైనం పట్టించండి; చెక్క కూడా జారుగా పోతుంది. మిషన్ మీద పాత దుప్పటి కప్పండి, ప్లాస్టిక్ పట్టా కప్పితే తడి లోపలే ఉండిపోతుంది. బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు అరంగుళం దిగాలి. రెండు బెల్టులున్న మిషన్ అయితే రెంటినీ ఒకేసారి మార్చండి.

బ్లేడుకు గుగ్గిలం (కలప బంక) పట్టితే వాషింగ్ సోడా నీళ్లలో నానబెట్టి బ్రష్షుతో తోమండి. కోత అంచు నల్లగా మాడుతున్నా, తోయడానికి రోజూ కంటే బలం కావలసి వస్తున్నా పదును పోయినట్టే. కార్బైడ్ పళ్లకు మన ఆకురాయి పనికిరాదు, వజ్రపు చక్రం ఉన్న చోట సాన పట్టించాలి. టేకు నిలువుకోతకు 30 నుంచి 40 పళ్ల బ్లేడు, ప్లైవుడ్‌కు 80కి పైన ఉన్నది, రెండూ ఉంచుకోండి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మీ షాఫ్టు వేగం కన్నా ఎక్కువ ఉండాలి. మీ వైపు పాత మండువా ఇళ్లు విప్పిన టేకు బాగా వస్తుంది కాబట్టి, కోసే ముందు అయస్కాంతం పట్టి మేకులు వెతకండి. ఒక్క మేకు చాలు, పది పళ్లు పోతాయి.

మిషన్ తెచ్చే ముందు మీ భార్యను ఒకసారి షెడ్డుకు పిలిచి, చీలిక కత్తి ఏం చేస్తుందో, కరెంటు తీసి మళ్లీ ఇస్తే స్టార్టర్ ఎందుకు కదలదో చేసి చూపించండి. అప్పటికీ ఆమె వద్దంటే ఆ మాటను కూడా లెక్కలోకి తీసుకోండి, చిన్న కొత్త మిషన్ అనే దారి ఇంకా తెరిచే ఉంది. మామయ్యతో మాట్లాడాక ఆ రోజు ఏం జరిగిందో తెలిస్తే, దయచేసి నాకు మళ్లీ రాయండి. దాన్ని బట్టి గార్డు ఎలా చేయించాలో బొమ్మ గీసి పంపుతాను.